గోనె తొడిగిన కంప్యూటర్లు

రాష్ట్రం విడిపోయిన మరుసటి వేసవిలో నన్ను చీపురుపల్లి దారిలో ఉన్న ఒక జూట్ మిల్లులో వైండింగ్ సెక్షన్‌కు ఎలక్ట్రికల్ ఇన్‌ఛార్జిగా వేశారు. నా హోదా అసిస్టెంట్ ఇంజినీరు. నా పైన డిప్యూటీ ఇంజినీరు, ఆయన పైన జనరల్ మేనేజరు. ఆ షెడ్డులో కాటాల పక్కన తూకాలు నమోదు చేసే ఆరు పాత చిన్న కంప్యూటర్లు మధ్యాహ్నం పూట ఆగిపోతున్నాయి. ఎందుకో తేల్చాలి, లేదా అవి పనికిరావని రాసివ్వాలి. అదీ నాకు అప్పగించిన పని. పైవాళ్లకు కావలసింది రెండోదేనని చేరిన రోజే అర్థమైంది.

జూట్ మిల్లు చూడనివారికి రెండు మాటలు. గోగునారను నూనె, నీళ్లు కలిపి మెత్తబరచి దారం తీస్తారు. ఆ దారాన్ని పెద్ద కండెలుగా చుట్టే చోటు వైండింగ్ సెక్షన్. మా దగ్గర అక్కడ పనిచేసేది అందరూ ఆడవాళ్లే. నూనె అంటిన నార నుసి గాలిలో తేలుతూ ఉంటుంది, జుట్టులో, కనురెప్పల మీద, అన్నం డబ్బాలో, అంతటా పడుతుంది. రేకుల షెడ్డు కావడంతో వేసవిలో లోపల నిలబడలేం. గోడకున్న నాలుగు పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఆ వేడినీ నుసినీ బయటికి లాగడం వల్లే మనుషులు పనిచేయగలిగేవారు.

ఆ కంప్యూటర్లను ఎవరు కొన్నారో గాని తెలివైనవాడు. టిఫిను బాక్సు కంటే కాస్త పెద్దవి, లోపల ఫ్యాను లేదు. చిప్పులో పుట్టిన వేడి అల్యూమినియం ఒంటికి పాకుతుంది, ఒంటి మీది నిలువు రెక్కల మధ్య నుంచి గాలి పైకి లేస్తూ ఆ వేడిని పట్టుకుపోతుంది. దీన్ని పాసివ్ కూలింగ్ అంటారు. పెట్టె నిలువుగా ఉండాలి, చుట్టూ నాలుగు వేళ్ల జాగా ఉండాలి. ఇంకేమీ అడగదు. ఫ్యాను ఉన్న మామూలు కంప్యూటరైతే ఆ జిడ్డు నుసిని అదే పనిగా లోపలికి పీల్చుకుని కొద్ది వారాల్లో మూలపడుతుంది. మీటరు తగిలించి చూశాను. మానిటర్లు కాక, ఆరు పెట్టెలూ రోజంతా నడిచినా మూడు యూనిట్లు దాటలేదు.

పైవాళ్ల పథకం ఇది. పాతవి తీసేసి ఫ్యాన్లున్న కొత్త కంప్యూటర్లు తెస్తారు. నుసి తగలకుండా మూడు అద్దాల గదులు కట్టి, ఒక్కోదానికి ఒక ఏసీ పెడతారు. అయితే ఆ సెక్షను డిస్ట్రిబ్యూషన్ బోర్డుకు వచ్చే కేబులు పాతది, అప్పటికే మోయగలిగినంత లోడు మోస్తోంది. కొత్త కేబులుకు బడ్జెట్ లేదు. అందుకని నాలుగు ఎగ్జాస్ట్ ఫ్యాన్ల లోడు తీసి ఏసీలకు ఇవ్వాలని రాశారు. ఆ కాగితం మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది. షెడ్డులో వందమందికి పైగా ఆడవాళ్లు ఉంటే, చల్లగాలి పెట్టెలకట.

కానీ పథకాన్ని కాదనడానికి కోపం ఒక్కటే చాలదు. కంప్యూటర్లు ఆగిపోతున్న మాట నిజం. చిక్కు ఏమిటంటే, కబురు అంది నేను వెళ్లేసరికి అవి చక్కగా నడుస్తూ ఉండేవి. అడాప్టర్లు మార్చాను, ఓల్టేజి చూశాను, ఎర్తింగ్ చూశాను. తప్పేమీ దొరకలేదు. కొత్త కంప్యూటర్లు అమ్మే కుర్రాడు నా వెనకే తిరుగుతూ, వీటికి వయసైపోయింది సార్ అంటూ నవ్వేవాడు. తల ప్రాణం తోకకొచ్చింది.

ఒక మధ్యాహ్నం ఎప్పటిలా ముందు గేటు నుంచి కాక, స్టోర్సు వైపు వెనక తలుపు నుంచి షెడ్డులోకి వెళ్లాను. ఆరు పెట్టెలకూ గోనె గుడ్డ తొడుగులు! కొలత తీసి, అంచులు మడిచి, కింద బొందులు పెట్టి ముచ్చటగా కుట్టారు. ఒకదాని మీద చెయ్యి పెడితే చురుక్కుమంది.

సెక్షను సర్దారు అప్పలనరసమ్మ పరుగున వచ్చి తొడుగులు లాగేయబోయింది. సర్దారు అంటే కూలీల జట్టుకు పెద్ద. ఇవి ఎప్పటి నుంచని అడిగాను. "శివరాత్రెల్లినాక కుట్టినాం బాబూ. డబ్బాల మీద దుమ్ము కనిపిస్తే సర్దారుదే బాద్దెత అని ఆపీసోలు గోడకి అంటించినారు గదా. మరేటి సేస్తాం?" అంది. మరి నేను వచ్చినప్పుడు ఒక్కసారీ కనబడలేదేమని అడిగాను. "పెద్దోలొచ్చినప్పుడు మూసుంచితే బాగుంటాదేటి? మీరు గేటుకాడ కనిపించగానే తీసీసి, తుడిసి ఉంచీవోలం."

రోగం అదీ. ముందు గేటు నుంచి కాటాల దాకా షెడ్డు పొడవునా నడవాలి. ఆలోగా తొడుగులు పోయేవి, పెట్టెలకు గాలి తగిలేది, స్విచ్చి నొక్కితే మళ్లీ నడిచేవి. నాకు చూపిన మర్యాదే నా కళ్లు కప్పింది. నవ్వొచ్చింది, వెంటనే భయమూ వేసింది. ఈ సంగతి ఉన్నదున్నట్టు రాస్తే సర్దారు మీద చర్య తీసుకుంటారు. రాయకపోతే ఫ్యాన్లు పోతాయి. "నా పేరు రాసీ బాబూ, ఏటవుతాది? పంకాలు పోతే ఎలాగూ ఇక్కడ ఉండలేం," అంది ఆమె.

జనరల్ మేనేజరును షెడ్డుకే రమ్మని కోరాను. ఆయనకది నచ్చలేదు, అయినా డిప్యూటీనీ ఆఫీసు వాళ్లనీ వెంటబెట్టుకుని వచ్చారు. ఒక పెట్టెకు తొడుగు వేసి, పక్కదాన్ని వదిలేసి, రెండింటికీ ఒకే పని పెట్టాను. వేడెక్కితే ఇలాంటి చిప్పు ముందు తన వేగం తనే తగ్గించుకుంటుంది, అప్పటికీ చల్లబడకపోతే కాలిపోకుండా తనే ఆగిపోతుంది. తొడుగు వేసినది సరిగ్గా అలాగే నీరసించి ఆగిపోయింది. రెండోది నడుస్తూనే ఉంది.

జనరల్ మేనేజరు మొదట అడిగిన మాట, ఇవి ఎవరు కుట్టారని. ఆఫీసు నోటీసు కుట్టించిందండి అన్నాను. వెనక నుంచి అప్పలనరసమ్మ గొంతు ఖంగుమంది.

"నానే కుట్టినాను బాబూ. ఆ డబ్బాకి గాలాడకపోతే ఇంతమంది ఆపీసర్లొచ్చినారు. మాకు గాలాడకపోతే ఎవులొస్తారు?"

మిషన్ల రొదలో కూడా ఆ మాట అందరికీ వినబడింది. నోటీసు తమదే కావడంతో ఆమె మీద చర్య తీసుకోలేకపోయారు.

మర్నాడు జనరల్ మేనేజరు నన్ను తన గదికి పిలిచి, కారణం ఏదైనా గదులు పైనుంచి మంజూరయ్యాయని, లోడు మార్పిడి కాగితం మీద సంతకం పెట్టమని అన్నారు. పర్మిట్ ఉన్న సూపర్‌వైజరు సంతకం లేనిదే మా మిల్లులో బోర్డు మీద లోడు కదపకూడదు. ఆ సెక్షనుకు ఆ పర్మిట్ నాది. ససేమిరా అన్నాను. నుసి లేచే షెడ్డులో గాలి ఆపడం ఫ్యాక్టరీల చట్టానికి విరుద్ధమని, కావాలంటే నా తిరస్కారం రాతపూర్వకంగా ఇస్తానని చెప్పాను. రాసిచ్చాను కూడా. అది ఫైల్లో ఉండగా నా బదులు లోడు మార్పిడి కాగితం మీద సంతకం పెట్టడానికి డిప్యూటీ ఇంజినీరు సిద్ధపడలేదు. దాంతో పథకం అటకెక్కింది.

ఆ నెలాఖరుకే నన్ను పంపుహౌసుకు మార్చారు. డిప్యూటీ పోస్టు ఖాళీ అయినప్పుడు నాకంటే జూనియర్‌కు ఇచ్చారు. అడగడానికి నేను వెళ్లలేదు, వెళ్లాలని అనిపించనూ లేదు. మా ఆవిడ నన్ను మొండిఘటం అంటుంది. ఆ మాటకు నాకు అభ్యంతరం లేదు. అసిస్టెంట్ ఇంజినీరుగా చేరాను, అసిస్టెంట్ ఇంజినీరుగానే దిగాను. నేను దిగేనాటికి ఆ ఆరు పెట్టెల్లో ఐదు నడుస్తున్నాయి, ఆరోది వర్షానికి తడిసి పాడైంది.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు నన్ను అడిగితే రెండు సంగతులు చెబుతాను. యంత్రం పాతదని రాసే ముందు అది ఊపిరి తీసుకుంటోందో లేదో చెయ్యి పెట్టి చూడండి, అదీ చెప్పకుండా వెళ్లి చూడండి. ఇక సంతకం సంగతి. పై అధికారి మీ చేత బలవంతంగా చేయించలేనిది అదొక్కటే. మనుషుల గాలి తీసి మిషనుకు ఇచ్చే కాగితం మీ ముందుకొస్తే పెట్టకండి. దానికి ఖరీదు ఉంటుంది, నేను కట్టాను. మళ్లీ కట్టమన్నా కడతాను.