రా అన్న దేవుడు, రానన్న ఆంటీ

న్యూయార్క్ దగ్గరి ఐసెలిన్‌లో నేను పనిచేసే బ్యూటీ పార్లర్‌కి సరోజిని ఆంటీ నెలకోసారి కనుబొమ్మలు చేయించుకోవడానికి వస్తారు. రిటైరైన డాక్టర్, గుంటూరావిడ. ఒక శనివారం నేను దారం పళ్ళ మధ్య పట్టుకుని ఒక కనుబొమ్మ పూర్తి చేశానో లేదో, కళ్ళు మూసుకునే అడిగారు.

"స్వప్నా, ఈజిప్ట్ వస్తావా?"

దారం తెగింది.

"ఈజిప్ట్ అంటే... మమ్మీలుండే ఈజిప్టా ఆంటీ?"

"ఆ, అదే. నాతో రావాల్సిన ఫ్రెండ్ వసుంధర ఇప్పుడు రానంటోంది, కూతురి డెలివరీ దగ్గరపడిందట. బోటు, రూము, గైడు అన్నీ ఇద్దరికి బుక్ చేశాం. నువ్వు నాకు తోడుండు. ముందా రెండో కనుబొమ్మ చెయ్యి."

ఇంటికెళ్ళి చెబితే మా ఆయన, "పోయిరా. మమ్మీని మాత్రం ఇంటికి తేకు" అన్నాడు.

న్యూయార్క్‌లో మధ్యాహ్నం ఎక్కితే కైరోలో తెల్లారింది. దారిలో ఆంటీ అసలు సంగతి చెప్పారు. ఆవిడ చూడాల్సింది ఒక్కటే, నెఫెర్తారి అనే రాణి సమాధి. మెడిసిన్ చదివేటప్పుడు ఏదో పత్రికలో దాని బొమ్మ చూసి, హాస్టల్ గోడకి అతికించుకున్నారట. కానీ కిందటేడు మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆవిడకి మెట్లంటే భయం పట్టుకుంది. ఇంట్లో మేడ మీది గదికి వెళ్ళడం కూడా మానేశారు. సమాధికేమో మెట్లు దిగాలి. ఫ్రిస్కోలో ఉన్న కొడుకు మేం ఎయిర్‌పోర్టులో ఉండగా ఫోన్ చేసి మరీ బతిమాలాడు: "అమ్మా, టెంపుల్స్ చూడు, టూంబ్స్‌లోకి మాత్రం దిగొద్దు ప్లీజ్."

కైరో నుంచి లక్సర్‌కి చిన్న విమానం. అక్కడ నైలు నదిలో మా బోటు. బోటు అనకూడదు, నీళ్ళ మీద కట్టిన పెళ్ళివారిల్లు! అడుగు పెట్టగానే చల్లటి ఎర్ర రసం ఇచ్చారు. తాగితే అచ్చం గోంగూర పులుపు. అది గోంగూరకి చుట్టమయ్యే పువ్వేనని ఆంటీ చెప్పాక ఇంకో రెండు గ్లాసులు తాగాను. రూములో తువ్వాలుని మొసలిలా మడిచి మంచం మీద పెట్టారు. దాని మీద పడుకోవడానికి మనసొప్పక కుర్చీలో కూర్చోబెట్టాను. పొద్దున టిఫిన్‌లో పచ్చగా ఉండే వడలు పెడతారు, వదలకండి. మన మసాలా వడకి కొత్తిమీర ఎక్కువైతే ఎలా ఉంటుందో అలా ఉంటాయి.

మర్నాడు ఎండెక్కకముందే కర్నాక్ గుడికి తీసుకెళ్ళారు. ఆ స్తంభాలు చూస్తుంటే టోపీ వెనక్కి పడిపోయింది. మా గైడు కరీం ఒక గోడ వైపు చెయ్యి చూపించి గట్టిగా "రా!" అన్నాడు. వెళ్ళి పక్కన నిలబడ్డాను. నా వైపు వింతగా చూసి, ఇంకో గోడ దగ్గరికి పోయి మళ్ళీ "రా!" అన్నాడు. పరుగెత్తాను. మూడోసారి కూడా పిలిచేసరికి ఆంటీ దగ్గరికొచ్చి చెప్పాను.

"ఆంటీ, ఈయనకు తెలుగొచ్చు! ఇంతమందిల నన్నే పిలుస్తుండు!"

ఆంటీకి నవ్వాగక గట్టు మీద కూలబడ్డారు. "నిన్ను కాదే పిచ్చిమొద్దూ! ఆ గోడ మీది గద్ద ముఖం దేవుడి పేరే రా. సూర్యుడు."

"సూర్యభగవానుడా? గంత పెద్దాయన్ని పట్టుకొని రా అంటరా? రండి అనాలె గదా!"

"మనం మాత్రం దేవుణ్ణి రండి అంటామా? భజనల్లో అంతా రారా అనేగా. దగ్గరివాళ్ళకి అండీలెందుకు?"

ఇదంతా ఇంగ్లీషులో కరీంకి చెప్పారు. అతనికెంత నచ్చిందంటే, ఆ పూట నుంచి బస్సెక్కమనడానికి కూడా "ఎవ్రీబడీ, రా!" అనేవాడు. సాయంత్రానికి మా గ్రూపులో అమెరికన్ తాతగార్లు కూడా ఒకర్నొకరు రా, రా అనుకుంటూ భోజనానికి బయల్దేరారు.

తర్వాతి రోజు నది దాటి రాణుల లోయకి వెళ్ళాం. వెళ్ళేవాళ్ళు గుర్తుంచుకోండి, ఆ రాణి సమాధికి టికెట్ విడిగా కొనాలి, లోపల కాసేపే ఉండనిస్తారు. గైడు లోపలికొచ్చి చెప్పడానికి లేదు. కాబట్టి కరీం బయటే ఆగిపోయాడు, మేమిద్దరమే.

ఆంటీ గుమ్మంలోంచి మెట్ల వైపు ఒకసారి చూసి, పక్కనున్న బల్ల మీద కూర్చుండిపోయారు.

"కాలు రావట్లేదే. నేను రాను. నువ్వెళ్ళి ఫోటోలు తీసుకురా, చూస్తాను."

"నాకెందుకు ఆంటీ? ఆ రాణమ్మ నాకు తెల్వను కూడ తెల్వదు."

"మా అబ్బాయి చెప్పిందే నిజం. ఈ వయసులో నాకెందుకొచ్చిన సరదా."

గుమ్మం దగ్గరి మనిషి మా వంతు వచ్చిందని సైగ చేశాడు. నేను నాలుగు మెట్లు దిగి, వెనక్కి తిరిగి, రెండు చేతులూ చాపాను.

"రా," అన్నాను. ఆంటీ లేదు, అండీ లేదు. నోట్లోంచి అలా వచ్చేసింది.

ఆవిడ తలెత్తారు. "ఏమన్నావ్?"

"రా అన్న."

"మీ అమ్మకంటే పెద్దదాన్ని, నన్ను రా అంటావా!"

"దిగొచ్చి తిట్టు."

"ఉండు నీ పని చెప్తా!" అని లేచారు. ఒక చెయ్యి కమ్మీ మీద, ఒకటి నా చేతిలో. నేను వెనక్కి వెనక్కి దిగుతున్నాను, ఆవిడ మెట్టుకో తిట్టు చొప్పున దిగుతున్నారు. "నోరు పెరిగింది నీకు... బుద్ధి లేదు... మెల్లగా దిగవే, పడతావ్..."

కిందికి రాగానే తిట్లు ఆగిపోయాయి. పైకప్పంతా ముదురు నీలం, దాన్నిండా బంగారు చుక్కలు. గోడల మీద రంగులు నిన్ననే వేసి ఆరబెట్టినట్టున్నాయి. ఒక గోడ మీద రాణిగారు ఒక్కతే కూర్చుని పాచికలాట లాంటిదేదో ఆడుకుంటోంది. ఆంటీ మెడ ఎత్తి పైకప్పునే చూస్తూ నిలబడ్డారు.

"ఈ నీలం పత్రికలో రాలేదే," అన్నారు చివరికి.

నేను రాణి ముఖం వైపే చూస్తున్నాను. "కనుబొమ్మలు ఎవరు చేసిన్రో గాని ఆంటీ, రెండూ సమానంగ ఉన్నయి."

ఆవిడ కిసుక్కున నవ్వి, కళ్ళు తుడుచుకుని, లోపలి వైపు చూశారు. అక్కడ ఇంకా కిందికి ఇంకో వరస మెట్లున్నాయి.

"పద," అని ఈసారి ఆవిడే నన్ను లాక్కెళ్ళారు.

తిరుగు ప్రయాణానికి ఆంటీ మోకాలు కొబ్బరికాయంత అయింది. విమానంలో ఐసు అడిగి కట్టుకట్టాను. గుళ్ళు ఆకాశమంత ఎత్తు, చూసి చూసి నాకు మెడనొప్పి. సమాధులు పాతాళమంత లోతు, ఆంటీకి మోకాలినొప్పి. కైరో నుంచి న్యూయార్క్ దాకా ఇద్దరం మూలుగుతూ నవ్వుతూనే వచ్చాం. కొడుక్కి ఎలా చెప్పాలా అని ఆవిడ రకరకాలుగా అనుకుని చూసుకున్నారు, ఏదీ కుదరలేదు.

న్యూయార్క్‌లో వీల్‌చైర్‌లో ఉన్న ఆవిడ పాస్‌పోర్ట్ తీసుకుని ఆఫీసర్ మర్యాదగా అడిగాడు, ఈజిప్ట్ ఎలా ఉంది మేడం అని.

ఆంటీ కట్టు కట్టిన మోకాలు నిమురుకుంటూ, మహారాణిలా తలెత్తి చెప్పారు.

"చాలా లోతుగా ఉంది. అడుగు దాకా వెళ్ళొచ్చాను."