గంటగోపురం గోడకు నేను వేయించిన రంగు

ఒక చర్చి చరిత్ర రాస్తానని బయలుదేరి, ఉన్న చరిత్రను రంగు కింద పూడ్చేసిన ఘనుణ్ని నేను. చదివి నవ్వండి, పర్వాలేదు. నేనూ నవ్వుతూనే మొదలుపెడతాను. ఎంతదూరం నవ్వగలనో చూద్దాం.

బెంగళూరు వచ్చిన మూడో ఏడు. యలహంకలో అద్దె ఇల్లు, ఆదివారం సిటీలోని పాత రాతి చర్చిలో తెలుగు ఆరాధన. ఆ కట్టడానికి వందేళ్లు దాటాయి. వార్షికోత్సవానికి దాని చరిత్ర మీద చిన్న ప్రదర్శన పెట్టాలని కమిటీ అనుకుంది. ఎవరు చేస్తారని పాస్టరుగారు అడగడం పూర్తికాకముందే నా చెయ్యి లేచింది. సోషల్‌లో నా మార్కులు ఆయనకు తెలియవు పాపం. పెద్దవాళ్లను ఒకసారి అడగండి బ్రదర్ అన్నారు. అన్నీ నెట్‌లో ఉన్నాయని చెప్పాను.

ఫొటోలు పెట్టడానికి గంటగోపురం కింది గది ఎంచుకున్నాను. లోపల గోడ నిండా బొగ్గుతో వంకరటింకర పేర్లు. దేవుడి మందిరాన్ని కూడా బస్టాండు గోడ చేశారే అని నాకు ఒళ్లు మండింది. రంగు వేయడానికి కె.ఆర్.పురం నుంచి మునియప్పను పిలిపించాను. అతను బ్రష్ ముంచకుండా నిలబడ్డాడు.

"పేర్లు ఉండాయి సార్. ఎవురినన్నా అడిగి పూస్తే మేలు."

పేర్లున్నాయనే కదయ్యా పూయమంటున్నది అని అతనికి క్లాసు పీకాను. రెండుసార్లు పూసినా ఒక పేరు లోపలినుంచి తొంగిచూస్తోంది. నేను వదులుతానా? మూడోసారీ పూయించాను. అంత పట్టుదల ఇంజనీరింగులో చూపించి ఉంటే... సరే, అది వేరే ఏడుపు.

ఉత్సవం రోజు ఉదయం ఎస్తేరమ్మగారు వచ్చారు. డెబ్బై దాటిన మనిషి, చర్చి వెనక వీధిలోనే పుట్టి పెరిగారు. ఫొటోలవైపు చూడకుండా నేరుగా గోడ దగ్గరికి వెళ్లి, అరచేత్తో తడుముతూ నిలబడ్డారు.

"ఈడ మా నాయన పేరు ఉండె గదప్పా."

అప్పుడు తెలిసింది. ఆమె తండ్రి ఈ చర్చిలో గంట కొట్టేవాడట. ఆ పని మానేసే ప్రతివాడూ ఆఖరి రోజున గోడమీద బొగ్గుతో తన పేరు రాసి, తాడు తర్వాతివాడి చేతికిచ్చేవాడట. ఆయనకు చదువు లేదు. ఆ ఒక్క పేరు కోసం కూతురి దగ్గరే నెల రోజులు పలకమీద దిద్దుకున్నాడట. ఆయన ఫొటో ఒక్కటీ లేదు. ఏటా ఈ రోజున వచ్చి ఆ అక్షరాలమీద చెయ్యి పెట్టి వెళ్లడం ఆమెకు అలవాటు.

గోరుతో గీకి చూశాను. రంగుతోపాటు సున్నం, బొగ్గు అన్నీ పొడిపొడిగా రాలాయి. గీకొద్దప్పా అని ఆమె నా చెయ్యి పట్టుకున్నారు.

అంతలో ఆమె చూపు గోడ మూలకి వెళ్లింది. అక్కడ నీలిరంగులో నేను రాయించుకున్న ముక్క ఉంది. కళ్లజోడు సర్దుకుని, వేలు పెట్టి చదివారు. గోడను బాగుచేయించినవారు అని, దాని కింద నా పేరు. ఇంతమంది రాసిన గోడమీద ఇప్పుడు మిగిలింది నా పేరొక్కటే. సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పుడే చెరిపిస్తానమ్మా అన్నాను.

"వద్దులేప్పా, ఉండనీ. ఎవురు చేసిందో తెలియాల గదా," అన్నారామె, కోపమేమీ లేకుండా.

ఒట్టు పెట్టుకోకూడదని బైబిలు చెబుతుంది కనుక ఇది ఒట్టు కాదు, గట్టి తీర్మానం. ప్రాణముండగా నేను మరే గోడకూ రంగు వేయించను. మా ఇంటి హాల్లో పెచ్చులూడి ఇటుక కనబడుతోంది. మా ఆవిడ రోజూ సాధిస్తోంది. ఆ ఇటుకమీద ఎవరి పేరైనా ఉందేమో ముందు కనుక్కోవాలని చెబుతున్నాను.