లారీ తలుపు మీద పేరు

ఆర్డెల్లా పెటీగ్రూ సైటులో అడుగు పెట్టిందంటే, మేస్త్రీల దగ్గర్నుంచి ఇనుము కట్టేవాళ్ల దాకా అందరూ ఒకసారి వెనక్కి తిరిగి చూస్తారు. అరవై ఆరేళ్ల మనిషి. పొట్టి, గట్టి పిండం. తల మీద గీతలు పడిన పసుపు టోపీ, కాళ్లకు బూట్లు, చంకలో కాగితాలు బిగించిన ఒక అట్ట. వెనక నుంచి ఎవడో ఒకడు "లెక్కలామె వచ్చిందిరోయ్" అని కేకేస్తాడు. ఆమెకు కోపం రాదు. ఎవరు కేకేశారో మాత్రం గుర్తుపెట్టుకుంటుంది.

సెయింట్ లూయిస్‌లో పెద్ద కట్టడం ఏది లేచినా, ఇందులో ఇంత పని నల్లజాతి వాళ్లకి ఇస్తాం, ఇంత ఆడవాళ్లకి ఇస్తాం అని కట్టించేవాళ్లు ముందే కాగితం రాసిస్తారు. రాయడం తేలిక. రాసింది చేస్తున్నారో లేదో చూసి చెప్పడం ఆర్డెల్లా వృత్తి. ముప్ఫై ఏళ్లుగా అదే ఆమెకు తిండి పెడుతోంది, అదే తిట్లూ పెట్టిస్తోంది.

మొదట్లో ఫలానా రోజు వస్తానని కబురు చేసి వెళ్లేది. వెళ్లేసరికి సైటు నిండా నల్లమొహాలే. రెండు మూడు చోట్ల చూశాక ఆ మొహాలన్నీ ఒకటేనని తెలిసింది.

"ఏమయ్యా లీరాయ్, మంగళవారం నిన్ను వంతెన దగ్గర చూశానే. ఇక్కడ నీకేం పని?"

"ఏం చెయ్యమంటారు మిస్ ఆర్డెల్లా? పొద్దున్నే వ్యానెక్కమన్నారు, ఎక్కాను. డోనట్లు కూడా పెట్టారు."

"అయితే రేపు ఏ సైటులో లెక్కకి వస్తావో అది కూడా చెప్పు, నేరుగా అక్కడికే వస్తా, నాకు తిరుగుడు తప్పుతుంది."

అందరూ నవ్వారు, లీరాయ్‌తో సహా. ఆ తర్వాత ఆమె ఎవరికీ చెప్పకుండా వెళ్లడం మొదలుపెట్టింది.

ఈ పనిలోకి ఆమె కుర్చీ మీంచి రాలేదు. పంతొమ్మిది వందల డెబ్భై తొమ్మిదిలో వడ్రంగం నేర్చుకోవడానికి చేరింది. అంతమంది మగవాళ్లలో ఆడది ఆమె ఒక్కతే, నల్లమనిషీ ఆమె ఒక్కతే. ఆమె అన్నం డబ్బాని చెక్క పలకకి మేకులు కొట్టి బిగించేవారు. ఆడవాళ్లకి మరుగుదొడ్డి ఉండేది కాదు, రెండు వీధులవతల పెట్రోలు బంకు దాకా నడిచి వచ్చేది, వచ్చాక ఆలస్యమైందని మేస్త్రీ చేత తిట్లు తినేది. పని తగ్గిందంటే మొదట ఇంటికి పంపేది ఆమెనే. మూడోసారి అలా పంపించినప్పుడు పిలిచి పనిచ్చినవాడు క్లియోథా స్టిన్సన్. డెల్మార్ వీధికి ఉత్తరాన, నల్లవాళ్లుండే వైపు, సొంతంగా కాంక్రీటు పని చేయించే మనిషి. ఇరవై మంది దాకా పనివాళ్లు, అందరూ ఆ చుట్టుపక్కల వాళ్లే.

"వడ్రంగం వాళ్లు వద్దంటే నా దగ్గర కాంక్రీటు చెయ్యి తల్లీ," అన్నాడు. "రుద్దే చెయ్యి ఏ రంగుదో కాంక్రీటుకి తెలీదు. సరిగ్గా రుద్దావా లేదా, అంతే."

తొమ్మిదేళ్లు ఆయన దగ్గర మోకాళ్ల మీద పాకుతూ నేలలు నున్నగా చేసింది. మోకాళ్లు అరిగాక, ఈ తనిఖీ పనిలోకి వెళ్లమని తోసింది కూడా ఆయనే. మనవాళ్లలో ఒకరైనా లోపలుండి చూడాలి అనేవాడు. ఇప్పటికీ ఆమె ఆయన్ని మిస్టర్ క్లియో అనే పిలుస్తుంది, మీరు అనే అంటుంది.

ఉత్తరపు వైపు ఒక ఆసుపత్రి వాళ్లు కొత్త క్లినిక్ కడతామన్నప్పుడు, పనిలో పావు వంతు నల్లజాతి వాళ్ల కంపెనీలకే ఇస్తామని వాళ్ల చేత రాయించడానికి ఆర్డెల్లాకి రెండేళ్లు పట్టింది. ఎన్ని మీటింగులు, ఎన్ని చల్లారిన కాఫీలు! చివరికి రాశారు. కాంక్రీటు పని స్టిన్సన్ కంపెనీకి వచ్చిందని తెలిసిన రోజు ఆమె కారులో కూర్చుని కాసేపు ఏడ్చింది. సంతోషంతోనే.

అక్టోబరులో ఒక గురువారం పొద్దున్న, కింది అంతస్తు నేల పోసే రోజు, చెప్పకుండా వెళ్లింది. మూడు లారీలు నిలబడి ఉన్నాయి, మూడింటి తలుపుల మీదా స్టిన్సన్ కాంక్రీట్ అని ఉంది. రబ్బరు బూట్లేసుకుని కాంక్రీటులో దిగినవాళ్లు పదకొండు మంది. ఒక్కరూ తెలిసినవాళ్లు కారు. ఒక్కరూ నల్లవాళ్లు కారు.

దగ్గరున్న లారీ తలుపు మీద పేరు ఒక మూల ఎండకి ఉబ్బి లేచి ఉంది. ఆర్డెల్లా ఆ మూల కింద గోరు పెట్టి లాగింది. పెనం మీంచి అట్టు లేచినట్టు మొత్తం చేతిలోకి వచ్చింది. అయస్కాంతపు రేకు. దాని కింద నీలం రంగుతో హాల్‌బ్రెక్ట్ అండ్ సన్స్ అని రాసి ఉంది. తాతల కాలం నాటి తెల్లవాళ్ల కంపెనీ. ఇలాంటి రేకులు ఆమె ఇంతకుముందు మూడు పట్టుకుంది. నల్లవాడి పేరు అద్దెకు తెచ్చుకుని, పని తామే చేసుకుని, కాగితం మీద పావు వంతు చూపించే పద్ధతి ఈ ఊళ్లో కొత్తేం కాదు. కానీ ఆ రేకు మీద మిస్టర్ క్లియో పేరు ఉంటుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

హాల్‌బ్రెక్ట్ తరఫున సైటు చూసే కర్ట్ పరిగెత్తుకొచ్చాడు. "ఇవాళొక్క రోజుకి మావాళ్లు సాయానికి వచ్చారండీ."

"మీవాళ్లు సాయానికొస్తే, పనివాళ్లేరీ?"

"సెలవు పెట్టారు."

"ఇరవై మందీనా? ఎవరిదైనా పెళ్లా ఏమిటి?"

ఆమె ఫోటోలు తీసి, రేకుని మళ్లీ తలుపుకి అంటించి వచ్చేసింది.

శనివారం మధ్యాహ్నం మిస్టర్ క్లియో ఇంటికి వెళ్లింది. డెబ్భై తొమ్మిదేళ్ల మనిషి, వరండాలో నిప్పుల మీద పంది మాంసం ముక్కలు కాలుస్తున్నాడు. పక్కిల్లు ఖాళీ పడి ఏళ్లయింది. ఇటుకల దొంగలు వెనక గోడంతా ఊడదీసుకుపోయారు, లోపలి గదులు బయటికి కనిపిస్తున్నాయి.

"కూర్చో తల్లీ. ఇంకో పది నిమిషాల్లో అయిపోద్ది."

"మిస్టర్ క్లియో, లారీ మీద మీ పేరు ఊడదీసి చూశాను."

ఆయన మాంసం తిరగేశాడు. "చూస్తావని తెలుసు. నువ్వు చూడకపోతేనే వింత."

"మీ మనుషులేమయ్యారు?"

"ఏ మనుషులు? ఐజయా పోయాడు. బడ్‌కి నడుం పడిపోయి మంచంలో ఉన్నాడు. మిగతావాళ్లు గోదాముల్లో పెట్టెలు మోసుకుంటున్నారు. పెద్ద పనికి బ్యాంకు హామీ ఉండాలంటారు. పద్నాలుగేళ్లు తిరిగాను, ఒక్కడూ ఇవ్వలేదు. అప్పుడు హాల్‌బ్రెక్ట్ వాళ్లు ఇంటికొచ్చి, నువ్వేం చెయ్యక్కర్లేదు, నీ పేరిస్తే చాలన్నారు. నా పేరు కావాలని తెల్లవాడు నన్ను అడగడం అదే మొదటిసారి."

"నాకో మాట చెప్పొచ్చు కదా!"

"చెబితే నువ్వు రాయాలి. అందుకే చెప్పలా."

ఆర్డెల్లా కళ్లు తుడుచుకుంది. అప్పుడు డెనీస్ ఫార్లో మాట ఎత్తింది. డెనీస్ నల్లమ్మాయే, ముప్ఫై నాలుగేళ్లు, సొంతంగా ఆరుగురితో కాంక్రీటు పని చేస్తుంది. అన్నీ వసారాలూ, కాలిబాటలూ. ఒక్క పెద్ద పని కోసం ఎదురుచూస్తోంది.

"మీరు తప్పుకుంటే ఆ పని డెనీస్‌కి రావాలి. కాగితం మీద ఉంది. ఇచ్చి తీరాలి."

"నలభై ఏళ్లు ఈ ఊళ్లో పనిచేశావు. ఇంకా కాగితం మీద ఉంది అంటున్నావా?" అన్నాడు. అందులో వెటకారం లేదు, జాలి ఉంది. కాసేపటికి పళ్లెం ఆమె చేతికిచ్చాడు. "రాయి తల్లీ. నన్ను అడగమాక. తినేసి వెళ్లు."

ఆమె తింది. పళ్లెంలో ఏమీ వదలకుండా తింది.

రిపోర్టు నాలుగు పేజీలు. రాయడానికి మూడు రోజులు పట్టింది. రెండుసార్లు ఆయన పేరున్న చోట కొట్టేసి, మళ్లీ రాసింది. రాస్తే, తనకి పనిచ్చి నిలబెట్టిన మనిషిని చేతులారా పడగొట్టినట్టు. రాయకపోతే, ముప్ఫై ఏళ్లుగా తాను రాసిన ఏ కాగితానికీ విలువ ఉండదు. రెండో రోజు డెనీస్ వచ్చి ఎదురుగా కూర్చుంది. సంగతి ఎలాగో తెలిసిపోయింది.

"ఆరుగురినీ వేరే పనికి పోనివ్వకుండా ఆపాను మిస్ ఆర్డెల్లా. రెండు వారాలు ఆగుతామన్నారు. ఆగొచ్చా?"

"ఆగమను," అంది ఆర్డెల్లా. ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సిందని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో.

ఆసుపత్రి బోర్డు సమావేశంలో విట్‌లాక్ అనే పెద్దమనిషి ఆ రిపోర్టు చేత్తో పట్టుకుని లేచాడు. చక్కటి గొంతు. ఆమె వాక్యాలు ఒక్కటీ మార్చకుండా చదివాడు. లారీ సంగతి, రేకు సంగతి, పదకొండు మంది సంగతి. చదివి, "ఈ పావు వంతు నిబంధన ఉత్త నాటకమని మనం పెట్టుకున్న పరిశీలకురాలే తేల్చారు. ఇంకా ఎందుకిది?" అన్నాడు. నిబంధన ఎత్తేశారు. పని మధ్యలో ఆపితే క్లినిక్ ఆలస్యమవుతుంది కాబట్టి కాంక్రీటు హాల్‌బ్రెక్ట్ వాళ్లే పూర్తి చెయ్యాలన్నారు, ఈసారి తమ సొంత పేరుతోనే.

ఆర్డెల్లా లేచి నిలబడింది. "నేను రాసింది దొంగని పట్టుకోమని. కాపలా తీసెయ్యమని కాదు."

"మీ ఆవేదన అర్థమైంది ఆర్డెల్లా," అన్నాడు విట్‌లాక్, మిస్ అనైనా అనకుండా, ఇంట్లో పనిమనిషిని పిలిచినట్టు. తర్వాతి విషయానికి వెళ్లిపోయారు.

నల్లజాతి కంపెనీల జాబితాలోంచి స్టిన్సన్ పేరు కొట్టేశారు. హాల్‌బ్రెక్ట్ వాళ్లని ఎవరూ ఏమీ అడగలేదు. ఆదివారం చర్చిలో మిస్టర్ క్లియో ఆమె పక్క నుంచి వెళుతూ చెయ్యి పట్టుకుని నొక్కి, "ఒంట్లో బాగుందా తల్లీ?" అని అడిగాడు. తిట్టి ఉంటే బాగుండేది. డెనీస్ మనుషులు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. డెనీస్ ఇప్పుడు పార్సిళ్ల వ్యాను నడుపుతోంది. వీధిలో కనిపిస్తే పలకరించింది, బండి మాత్రం ఆపలేదు.

నవంబరు చివర ఒక పొద్దున్న విట్‌లాక్ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఆయనే మాట్లాడాడు, మంచి హుషారుగా ఉన్నాడు. ఇంకో రెండు ఊళ్ల ఆసుపత్రుల వాళ్లు కూడా ఇలాంటి నిబంధనలు తీసేద్దామనుకుంటున్నారట. ఆమె రిపోర్టు కావాలన్నారట. వీలైతే ఆమే వచ్చి నాలుగు మాటలు చెబితే బాగుంటుందట.

"నేను రాను," అంది ఆర్డెల్లా. "నా రిపోర్టు ఎవరికీ ఇవ్వకండి. వెనక్కి తీసుకుంటున్నాను."

"అయ్యో, అదెలా కుదురుతుంది? అది బోర్డు కాగితం. మీరు రాకపోయినా పర్లేదు, కాగితం వెళితే చాలు." ఆయన నొచ్చుకున్నట్టు ఆగాడు. "అయినా ఎందుకు వెనక్కి తీసుకోవడం? అందులో అబద్ధం ఏమైనా ఉందా?"

లేదని చెప్పాలని ఆర్డెల్లాకి లేదు. ఉందని చెప్పడం ఆమెకు చేతకాదు.

"లేదు," అంది.