ఫుట్‌బోర్డు మీద కాలు

నవ్వు నాలుగు విధాల చేటు అన్నవాడెవడో గానీ మా వదినను చూసి ఉండడు. చూసి ఉంటే ఐదో చేటు కూడా కలిపేవాడు, ఇరుగుపొరుగు నిద్రకు. వదిన సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆవిడ డ్రైవర్ సీట్లో నవ్వితే వెనక కునుకు తీసేవాళ్ళు తమ స్టాపు వచ్చిందేమోనని ఉలిక్కిపడి లేచేవాళ్ళట. మా అన్నయ్య ఈ మాట ఎంతో గొప్పగా చెప్పుకునేవాడు. ఆడపడుచు నోట వదిన గురించి మంచి మాట వస్తే ఎవరూ నమ్మరు. అయినా చెబుతాను.

అన్నయ్య పోయాక వదిన తన అపార్ట్‌మెంట్ కింది హాల్లో నవ్వుల క్లబ్బు పెట్టింది. పొద్దున్నే అందరూ గుండ్రంగా నిలబడి ముందు ఉత్తుత్తి నవ్వు నవ్వుతారు. కాసేపటికి అది నిజం నవ్వు కావాలి. అలా చేయడం మూడో అంతస్తు టైలరమ్మకే చేతనయ్యేది. ఆవిడది ఎక్కిళ్ళ నవ్వు. అది మొదలైతే చాలు, చావు కబురు మోసుకొచ్చినవాడికైనా పొట్ట చెక్కలయ్యేది.

మహమ్మారి వచ్చి హాలుకు తాళం పడింది. వదిన బాల్కనీలో ఒక్కతే నవ్వుతుంటే ఎదురింటివాళ్ళు నాకు ఫోన్ చేసి, "మీ వదినగారికి అంతా బాగానే ఉందా అండీ?" అని అడిగారు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. టైలరమ్మకు ఆ జబ్బే సోకింది. ప్రాణం దక్కింది గానీ ఊపిరితిత్తులు మునుపటిలా లేవు. నలుగురిలోకీ వెళ్ళవచ్చు, గాలాడని గదిలో మాత్రం కూర్చోవద్దని డాక్టరు చెప్పారు.

చివరికి ఆంక్షలు తీసేశారు. మాస్కు ఇక ఎవరిష్టం వాళ్ళది. హాలు తెరిచిన రోజు నేనూ వెళ్ళాను. చలికి కిటికీలన్నీ మూసే ఉన్నాయి. వదిన తన మాస్కును చెత్తబుట్టలో పడేసి నోరారా నవ్వింది. అన్నాళ్ళు నాలుగు గోడల మధ్య ఒంటరిగా ఉన్న మనిషి, ఆ సంతోషాన్ని నేను తప్పు పట్టను. మిగతావాళ్ళ నవ్వు మాత్రం ఎంతకీ ఉత్తుత్తిగానే ఉంది. అప్పుడే గుమ్మంలో టైలరమ్మ కనబడింది, ముఖానికి మాస్కుతో. మూసిన కిటికీలను, తెరిచిన నోళ్ళను చూసి వెనక్కి తిరిగింది. వదిన నవ్వు అక్కడే ఆగిపోయింది.

"రేపట్నుంచి కిటికీలు తెరుద్దాం," అంది.

"ఈ చలిలోనా?" అన్నాడు బ్యాంకులో రిటైరైన పెద్దాయన. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. "ఇంకా ఎన్నాళ్ళమ్మా ఈ భయం? గదిలో మగ్గి మగ్గి ఇప్పుడే బయటపడ్డాను. స్వేచ్ఛగా తిరగమనే కదా ఆంక్షలు తీసేసింది. భయమున్నవాళ్ళు ఇంట్లో ఉండొచ్చు."

"మాస్కు పెట్టుకోమని నేనెవర్నీ అడగను. నాదే తీసి పారేశాను కదా. దగ్గో జలుబో ఉంటే ఆ రోజుకి రాకండి, అంతే. పచ్చ లైటు పడింది, ఒప్పుకుంటాను. కానీ ఒక మనిషి ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి ఎక్కుతుంటే బండి కదుపుతామా? వెనక ఎంతమంది హారన్ కొట్టినా నేనెప్పుడూ కదపలేదు."

పెద్దాయన పట్టు విడవలేదు. "అయితే నేను రాను," అని మూతి ముడుచుకుని వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. "పోతే పోనీ వదినా," అన్నాను.

"అదేం మాట? ఆయనా ప్యాసింజరే," అని కసిరింది.

తీరా చూస్తే కిటికీ రెక్కలు గోడకు వేసిన రంగు అంటుకుని బిగుసుకుపోయి ఉన్నాయి. వదిన వంటింటి కత్తితో అంచులు గీకి, స్క్రూడ్రైవర్ దూర్చి, స్టీరింగు తిప్పిన చేతులతో ఒక్కొక్కటీ గుంజింది. నేను పెచ్చులు ఊడ్చాను. ఆడపడుచు చేత ఊడిపించుకునే వదిన అదృష్టవంతురాలని నేనంటే, ఇన్నేళ్ళకైనా ఒక పనికి పనికొచ్చావంది. తర్వాత టైలరమ్మకు ఫోన్ చేసి కిటికీల సంగతి చెప్పింది. అటునుంచి "చూస్తాను" అన్న మాట తప్ప ఇంకేం రాలేదు.

మర్నాడు హాల్లో గాలి రివ్వున కొట్టింది. రానన్న పెద్దాయన రానే వచ్చాడు. ఇంట్లో ఒక్కడే కూర్చుని ఏం చేస్తాడు? స్వెట్టరు, దాని మీద కోటు, తలకు మఫ్లరు. ఓ మూల కుర్చీ వేసుకుని నవ్వనని ఒట్టేసుకున్నట్టు కూర్చున్నాడు. టైలరమ్మ జాడ లేదు. వదిన చప్పట్లు కొట్టింది. అందరం ఉత్తుత్తిగా నవ్వాం. గుమ్మం వైపే చూస్తూ వదిన కూడా అలాగే నవ్వింది. ఆవిడ అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

ఇంతలో కిటికీ అవతల నుంచి ఎక్కిళ్ళ నవ్వు వినబడింది.

టైలరమ్మ బయట పెరట్లో నిలబడి ఉంది. మాస్కు వల్ల నోరు కనబడలేదు గానీ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అందరికంటే ముందు పెద్దాయనకే అంటుకుంది. ఆపుకోబోయి, చేతకాక, మఫ్లరు జారిపోయేలా నవ్వాడు. ఆ తర్వాత మమ్మల్ని ఎవరాపగలరు? నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాక, పెద్దాయన తన కుర్చీ మోసుకుపోయి కిటికీ పక్కన వేశాడు.

"లోపలికి రా అమ్మా," అన్నాడు బయటికి తొంగి చూసి. "గాలంతా ఇక్కడే ఉంది. నా పళ్ళు టకటకలాడుతున్నాయి, నువ్వు వచ్చి కూర్చో."

ఆవిడ వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. మళ్ళీ మొదలుపెట్టమని అందరం వదిన వైపు చూశాం. వదిన చప్పట్లకని చేతులు ఎత్తి అలాగే ఉండిపోయింది, కళ్ళనిండా నీళ్ళు. పెద్దాయన మఫ్లరు సర్దుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఇక పోనివ్వమ్మా," అన్నాడు. "అందరూ ఎక్కారు."