కత్తెర మాస్టారి కుడి దవడ

ఆ దర్జీని వీధంతా కత్తెర మాస్టారు అనేది. పనితనానికి సగం, నోటిదురుసుకు సగం. "పెరిగింది నీ పొట్ట, నా టేపు కురచైపోలేదు" అని గిరాకీ మొహమ్మీదే అనేవాడు. ముప్పై ఏళ్లు గుండుసూదులు పెదవుల మధ్య పెట్టుకుని, దారం పంటితో కొరికి కుట్టాడు.

పక్షవాతంతో కుడివైపు పడిపోయింది. మాట ముద్దముద్దగా వచ్చేది. కాస్త ఓపిక రాగానే దుకాణంలో తన కుర్చీ తనకు కావాలన్నాడు. కొడుకు "వెనక గదిలో విశ్రాంతి తీసుకోండి నాన్నా" అంటూ దాటేశాడు. కోడలు పళ్లెం గుమ్మం దగ్గరే పెట్టి తుర్రుమనేది.

"దుకాణం కాజెయ్యడానికే ఈ నాటకాలు!" అని మాస్టారు మండిపడ్డాడు. మూడు నెలలు పళ్లేలు విసిరాడు, చేతికర్ర విసిరాడు. ఇంటిల్లిపాదీ తనకు శత్రువులే అనుకున్నాడు.

ఒకరోజు అక్క చూడవచ్చింది. తమ్ముణ్ని మించిన నోరు ఆవిడది.

"ఛీ! ఏం కంపురా ఇది? పళ్లు తోముకోవట్లేదూ?"

"రోజూ తోముతున్నా!"

"ఏదీ, నా ముందు తోము."

ఎడమ చేత్తో బ్రష్షు పట్టి పది నిమిషాలు తోమాడు. అంతా ఎడమవైపే. నోటికి కుడివైపు ఒకటుందన్న స్పృహే అతనికి లేదు. అక్క ఆ దవడలోకి వేలు పెట్టింది. చటుక్కున కొరికాడు. ఆవిడ అతని చెంప ఛెళ్లుమనిపించి, మళ్లీ పెట్టింది. చిగుళ్లకీ బుగ్గకీ మధ్య ఎప్పటివో మెతుకులు ముద్దకట్టి ఉన్నాయి. రెండు పళ్లు పూర్తిగా పుచ్చిపోయాయి.

పళ్ల డాక్టరు ఆ రెండూ పీకేశాడు. తిన్న ప్రతిసారీ కుడి దవడ వేలితో తడిమి, తడిగుడ్డతో తుడవమన్నాడు. అక్క వారం రోజులుండి, తిట్టితిట్టి నేర్పింది. కంపు పోయింది.

కొడుకు దుకాణంలో కుర్చీ తుడిచి వేశాడు. "రండి నాన్నా. చెబితే బాధపడతారని ఊరుకున్నాం."

మాస్టారు కూర్చోలేదు. ఏడుపొచ్చింది, అంతకన్నా ఎక్కువ కోపమొచ్చింది.

"కుక్కనైనా ఛీ అంటారురా! నన్ను ఆ మాటైనా అనలేదు మీరు."