ఒక్క షేర్వానీ, ఇద్దరు పెళ్లికొడుకులు

"ఏంది బిడ్డా, గీ మెరూన్ షేర్వానీ ఇద్దరికి రాసినవ్? ఇద్దరు పెళ్లికొడుకులు గీడనే కూసున్నరు, జల్ది రా!"

ఫోన్‌లో మా క్లయింటు. పెళ్లిబట్టలు కిరాయికిచ్చే పెద్దావిడ. ఆమెకు అబిడ్స్, నాంపల్లి, ఖైరతాబాద్‌లలో మూడు దుకాణాలు. కౌంటర్‌కొక ట్యాబ్, అందులో నేను రాసిన యాప్. నెట్ పోయినా బుకింగ్ ఆగదు. నెట్ వచ్చాక మూడు ట్యాబులూ కబుర్లు చెప్పుకుంటాయి. ఒకే బట్ట ఇద్దరికి పడితే, ముందు టైము ఉన్నవాళ్లది ఖాయం.

గన్‌ఫౌండ్రీలోని మా ఆఫీసు నుంచి అబిడ్స్‌కి పరుగెత్తాను. నెట్ లేని వేళ రెండు దుకాణాలూ దాన్నే రాశాయి, యాప్ అబిడ్స్ అబ్బాయికి ఖాయం చేసింది. నాంపల్లి అబ్బాయి రసీదు ఊపుతున్నాడు. తీరా చూస్తే, నాంపల్లి ట్యాబ్ పది నిమిషాలు ముందు నడుస్తోంది. దుకాణం టైముకి తీయాలని అక్కడి మేనేజరమ్మే అలా పెట్టిందట! అందుకే వాళ్ల బుకింగ్ ఆలస్యమైనట్టు కనబడింది. ఆ గడియారాన్ని నమ్మి నేను న్యాయం చెప్పాను.

మా టీమ్ లీడర్‌కి ఫోన్ చేశాను. "టైము తీసెయ్. వరస అంకె పెట్టు. ప్రతి బుకింగ్‌కి ఒకటి కలుపు, పక్క దుకాణం నుంచి పెద్ద అంకె వస్తే దాన్ని దాటి వెళ్లు. చిన్న అంకె వాళ్లదే ముందు," అన్నాడు.

అక్కడే స్టూలు మీద కూర్చుని కాగితం మీద వేశాను. షేర్వానీ బుకింగ్‌కి నాంపల్లిలో ఆరు, అబిడ్స్‌లో ఎనిమిది పడ్డాయి. అంటే నాంపల్లి ముందా? కాదు, అబిడ్స్‌లో ఆ రోజు గిరాకీ ఎక్కువై అంకె పెరిగింది, అంతే.

పెద్దావిడ కౌంటర్ అవతలి నుంచి నా కాగితంలోకి తొంగిచూసింది. "గాళ్లు రాసింది గీళ్లకు తెల్వదు, గీళ్లు రాసింది గాళ్లకు తెల్వదు. ఇంక ముందేంది, ఎనకేంది?"

నా పెన్ను ఆగిపోయింది. ఆమెను కావలించుకోబోయి, కౌంటర్ అడ్డం ఉండి ఆగాను. ఒక్క అంకె కాదు, మూడు పెట్టాలి! ప్రతి దుకాణం తన బుకింగులతో పాటు, మిగతా రెంటివి ఎన్నింటి దాకా విన్నదో కూడా రాసుకోవాలి. అబిడ్స్, నాంపల్లి, ఖైరతాబాద్ వరసలో వేస్తే, అబిడ్స్‌ది నాలుగు, రెండు, ఒకటి. నాంపల్లిది మూడు, మూడు, ఒకటి. ఒకచోట ఇది ఎక్కువ, ఒకచోట అది ఎక్కువ. అంటే ఒకరి సంగతి ఒకరికి తెలియదు! అప్పుడు యాప్ తీర్పు చెప్పకూడదు, పెద్దావిడను అడగాలి. వందల దుకాణాలైతే అన్ని అంకెలు మోయడం బరువే. మూడింటికి బరువేముంది?

ఈలోగా ఆవిడ తన తీర్పు చెప్పేసింది. "ఇద్దరు తొడిగి చూడున్రి." నాంపల్లి అబ్బాయికి బొత్తాం పట్టలేదు. ఊపిరి బిగబట్టి, అద్దంలో చూసుకుని, తనే పకపకా నవ్వేసి గోధుమరంగుది తీసుకున్నాడు. పెళ్లిళ్లకు ఒక్కరోజే తేడా అని తెలిసి, ఇద్దరూ ఒకరి పెళ్లికి ఒకరిని పిలుచుకున్నారు కూడా.

వారం తిరక్కముందే మూడు అంకెల కొత్త యాప్ సిద్ధం. నేను అబిడ్స్‌లో, మా టీమ్ లీడర్ నాంపల్లిలో, నెట్ ఆపి ఒకే తలపాగా బుక్ చేశాం. నెట్ పెట్టగానే తెరమీద ఎర్రగా వచ్చింది: "ఒకరి సంగతి ఒకరికి తెలియదు. మీరే చెప్పండి." నేను కేక పెట్టి గంతేశాను. కొలతలిస్తున్న ఒకాయన ఉలిక్కిపడి చేతులు పైకెత్తేశాడు.

పెద్దావిడ మాత్రం తాపీగా అడిగింది. "బషీర్‌బాగ్‌ల ఇంకోటి తెరుద్దామనుకుంటున్న. నాలుగో అంకె పడ్తదా?"

"పడుతుందమ్మా, హాయిగా పడుతుంది!" అన్నాను, ఇంకా రొప్పుతూనే.