కాన్పుదారి

ఎనభైల మొదట్లో మాట. నాకు తొలికాన్పు. పొద్దున్నే నొప్పులు మొదలైతే మావారు ఎడ్లబండి కట్టి, నన్నూ మా అత్తయ్యనూ ఎక్కించుకుని గుంటూరు ఆసుపత్రికి బయలుదేరారు. ఊరు దాటగానే బండి ఆగిపోయింది. ఒక పక్క కాలవ, ఇంకో పక్క ముళ్ళకంచె. మధ్యనున్న తారు రోడ్డు మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మిరపకాయలు ఎండబోసి, చుట్టూ రాళ్ళు పేర్చారు.

"ఒరేయ్, ఎడ్లు తొక్కితే కాయంతా నాశనమైపోద్ది! సాయంత్రం ఎత్తుతాం, అందాకా ఆగండి!" అని కాయల రైతు అరిచాడు. వరసకు నాకు బాబాయి.

"పిల్లకి నొప్పులయ్యా!" అని అత్తయ్య మొత్తుకుంది.

"అయితే ఏడాది కష్టం తొక్కించుకోమంటావా? రోడ్డు మీ ఒక్కళ్ళదేనా?"

ఆ మాటకు నాకు నొప్పి కన్నా కోపం ఎక్కువైంది. బండి దిగాను.

"మీ ఒక్కళ్ళదీ కాదు బాబాయ్" అంటూ వంగలేక వంగి, ఒక రాయి ఎత్తి కాలవలో పడేశాను. ఘాటుకి తుమ్ములు మొదలయ్యాయి. తుమ్మినప్పుడల్లా ప్రాణం పోతున్నట్టుంది. అయినా ఇంకో రాయి పట్టుకున్నాను. నా చేతి పక్కన బాబాయి చెయ్యి పడింది.

"చచ్చిపోతావే తల్లీ, బండెక్కు" అంటూ తనే రాళ్ళు తీసి, కాయలు పక్కకు నెట్టి దారి చేశాడు.

ఆ సాయంత్రమే మా అమ్మాయి పుట్టింది.

కళ్ళం లేనివాళ్ళు ఇప్పటికీ రోడ్డు మీదే ఎండబోస్తారు, పాపం ఎక్కడికి పోతారు? కానీ ఒక పక్కన బండి పట్టేంత చోటు వదులుతున్నారు. ఎవరైనా మర్చిపోతే, "ఒరేయ్, కాన్పుదారి వదలండ్రా!" అని అందరికన్నా ముందు అరిచేది మా బాబాయే.